ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్: పేరు పాతదే, బండి వేరు

హైక్రాస్ గురించి ఎవరిని అడిగినా ముందు మైలేజీ సంగతే చెబుతారు. రెండేళ్లకు పైగా వాడాక నాకు మాత్రం అసలు మార్పు బానెట్ కింద కంటే ఫ్లోర్ కింద జరిగిందనిపిస్తోంది. అంతకుముందు మా ఇంట్లో ఉన్నది ముందు తరం ఇన్నోవా, అంటే క్రిస్టా డీజిల్, మాన్యువల్. ఆ బండి మీద నాకు ఇప్పటికీ గౌరవం తగ్గలేదు. అందుకే ఈ రెండింటి తేడా ఒంటికి ఎలా తెలుస్తుందో వివరంగా రాస్తున్నాను.

క్రిస్టాకు కింద నిచ్చెన ఫ్రేమ్ ఉంటుంది. బాడీని రబ్బరు మౌంట్ల మీద ఆ ఫ్రేమ్‌కు బిగిస్తారు. ఇంజిన్ ముందుంటుంది, బండిని నెట్టేవి వెనక చక్రాలు, మధ్యలో పొడవాటి షాఫ్ట్. 2022 నవంబరులో చూపించిన హైక్రాస్‌లో ఆ ఫ్రేమూ లేదు, ఆ షాఫ్టూ లేదు. బాడీ, ఛాసిస్ ఒకటే అయిన మోనోకాక్ ఇది, ముందు చక్రాలే లాగుతాయి. ఫ్రేమ్ పోవడంతో ఫ్లోర్ కిందికి దిగింది. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2750 నుంచి 2850 మిల్లీమీటర్లకు పెరిగింది. ఆ 100 మిల్లీమీటర్ల లాభం ఎక్కువగా మూడో వరుసలో కూర్చునేవాళ్లకే దక్కింది.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇదివరకు పైనున్న పిడి పట్టుకుని, ఒక కాలు పైకి పెట్టి, ఒంటిని లాక్కుంటూ ఎక్కేది. ఇప్పుడు మొదట సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుకుంటుంది. ఎవరూ చెయ్యి అందించనక్కర్లేదు. నా వరకు ఈ బండి కొన్నందుకు ఇదొక్కటే చాలు.

ఫ్రేమ్ బళ్లలో గుంత తగిలితే మొదట చక్రాలు అదురుతాయి, క్షణం తర్వాత బాడీ ఊగుతుంది. ఆ రెండో ఊపు హైక్రాస్‌లో లేదు. హైవే మీద లేన్ మారినా బండి ఒక్క ముద్దగా కదులుతుంది. పాత హైడ్రాలిక్ స్టీరింగ్ స్థానంలో ఎలక్ట్రిక్ స్టీరింగ్ రావడంతో పార్కింగ్‌లో భుజాలకు శ్రమ లేదు. కాకపోతే రోడ్డు ఎలా ఉందో పాత స్టీరింగ్ చేతికి ఇంకాస్త బాగా చెప్పేది. వెనక సస్పెన్షన్‌లో ఫోర్-లింక్ పోయి, రెండు చక్రాలనూ కలిపే టార్షన్ బీమ్ వచ్చింది. ఒక్కరే వెళ్తుంటే చిన్న గుంతలు కాస్త గట్టిగానే తెలుస్తాయి, ఇంటిల్లిపాదీ ఎక్కితే బండి చక్కగా సర్దుకుంటుంది. పై వేరియంట్‌లో చక్రాలు 18 అంగుళాలవి, వాటితో గుంతలు ఇంకాస్త తెలుస్తాయి కాబట్టి కొనేముందు అది ఒకసారి ఆలోచించుకోండి.

ఇక ఇంజిన్. 2 లీటర్ల పెట్రోల్, దానికి తోడు బ్యాటరీతో నడిచే కరెంటు మోటార్, రెండూ కలిపి 186 పీఎస్ (హార్స్‌పవర్). క్రిస్టా డీజిల్‌ది 150 పీఎస్. కాగితం మీద కొత్తదే బలమైనది. కానీ డీజిల్‌కు అలవాటుపడ్డ కాలు మొదట్లో తికమకపడుతుంది. సిగ్నల్ దగ్గర మోటార్ చప్పుడు లేకుండా ముందుకు నెడుతుంది, పికప్ వెంటనే అందుతుంది. నిండుగా జనంతో ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం ఇంజిన్ పై ఆర్‌పీఎంలో నిలబడి గట్టిగా వినిపిస్తుంది. క్రిస్టా అదే ఎత్తును తక్కువ ఆర్‌పీఎంలో, గంభీరంగా ఎక్కేది. బలం తగ్గిందేమోనని టెన్షన్ అక్కర్లేదు, ఇందులో ఉన్నది ఈ-సీవీటీ, అంటే మెట్లుమెట్లుగా గేర్లు మారని ఆటోమేటిక్ గేర్‌బాక్స్, అందుకే ఇంజిన్ అలా పై ఆర్‌పీఎంలోనే నిలబడుతుంది.

పేరులో సీవీటీ ఉన్నా, మామూలు సీవీటీల్లో ఉండే బెల్టు ఇందులో లేదు. నిజానికి ఇందులో మోటార్లు రెండు, వాటినీ ఇంజిన్‌నూ ఒక ప్లానెటరీ గేర్ సెట్ కలుపుతుంది. క్లచ్ లేదు. ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే పని కూడా ఒక మోటారుదే కాబట్టి సెల్ఫ్ స్టార్టర్ లేదు, కరెంటు పుట్టించే ఆల్టర్నేటరూ లేదు. అరిగిపోయే సామాన్లు ఇన్ని తగ్గడం నాకు బాగా నచ్చింది. బ్రేకు నొక్కినప్పుడు మొదట మోటారే జనరేటరై వేగాన్ని తగ్గిస్తుంది కనుక ప్యాడ్లు నెమ్మదిగా అరుగుతాయి. వెనక కూడా డ్రమ్ముల బదులు డిస్కులే.

పొడవైన ఘాట్ దిగుతుంటే ఒక్కోసారి యాక్సిలరేటర్ ముట్టుకోకపోయినా ఇంజిన్ గుర్రుమంటుంది. మా తమ్ముడు మొదటిసారి విని కంగారుపడి బండి పక్కకు ఆపించాడు. బ్యాటరీ నిండిపోయాక వచ్చే కరెంటుకు చోటుండదు. అప్పుడు ఆ కరెంటుతోనే బండి ఇంజిన్‌ను ఉత్తగా తిప్పుతూ వేగాన్ని అదుపు చేసుకుంటుంది. ఇది చెడిపోవడం కాదు, బ్రేకులు వేడెక్కకుండా కాపాడే ఏర్పాటు.

మైలేజీ సంగతీ చెప్పాలి కదా. కంపెనీ లెక్క లీటరుకు 23.24 కిలోమీటర్లు. అంత నాకు రాదు గానీ, హైవే కంటే ఊళ్లోనే మెరుగ్గా ఇస్తుంది. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ కొంత నిండుతుంది, ట్రాఫిక్‌లో ఇంజిన్ ఆగిపోయినా ఏసీ నడుస్తూనే ఉంటుంది.

రోజూ గతుకుల మట్టిరోడ్ల మీద బరువులు మోసే పని ఉన్నవాళ్లకు నేను ఇప్పటికీ క్రిస్టానే చెబుతాను, ఆ ఫ్రేమ్ ఉన్నదే అందుకు. ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు మాత్రం టెస్ట్ డ్రైవ్‌కు వాళ్లను కూడా తీసుకెళ్లండి. మీరు నడపడం ఎలాగూ ఉంటుంది, ముందు వాళ్లను ఎక్కించి, దించి చూడండి.