సైగాన్‌లో పోయిన 18,500, కాన్ థోలో దొరికిన పులుసు

ముందు డబ్బు పోయిన సంగతి చెప్పేస్తాను. లేకపోతే మిగతాది రాయడానికి మనసు కుదరదు.

వియత్నాంలోని సైగాన్‌లో విదేశీయులు ఎక్కువగా దిగే వీధిలో ఒక టూర్ ఆఫీసు. మెకాంగ్ నది డెల్టా ప్యాకేజీ, రెండు పగళ్లు, ఒక రాత్రి. మనిషికి 18,50,000 డాంగ్, ముగ్గురికి 55,50,000. రూపాయికి రమారమి 300 డాంగ్ కాబట్టి మన లెక్కలో 18,500 రూపాయలు. బ్రోషర్‌లో మూడు మాటలు పెద్దక్షరాలతో ఉన్నాయి: వరి రైతు ఇంట్లో బస, చేపల చెరువులు, తెల్లవారుజామున నది మీద సంత. ఆ మూడింటి కోసమే మా మావయ్యగారు అరవై ఎనిమిదేళ్ల వయసులో పాస్‌పోర్టు తీయించుకున్నారు. ఆయనది ఆకివీడు దగ్గర పల్లె. పదెకరాల వరి, ఆరెకరాల చెరువు. చెరువులో పంగాసియస్. మనవాళ్ల నోట్లో అది 'ఫంగస్ చేప' అయిపోయింది, పాపం. దాని పుట్టిల్లు చూడాలని ఆయన కోరిక.

ఏడున్నరకి రావాల్సిన బస్సు తొమ్మిదింపావుకి వచ్చింది. మొదట కొబ్బరి మిఠాయి దుకాణం. తర్వాత తేనె టీ దుకాణం, అక్కడ మెడలో కొండచిలువని వేసి ఫోటో. తర్వాత మా నెత్తిన ఆకు టోపీలు పెట్టి చిన్న పడవలో పదిహేను నిమిషాలు తిప్పారు, దిగే చోట టిప్పు డబ్బా. మళ్లీ ఇంకో దుకాణం. 'చేపల చెరువు' ఏదయ్యా అంటే, భోజనం పెట్టిన హోటల్ వెనక ఉన్న సిమెంటు తొట్టి చూపించాడు గైడు. మావయ్యగారు దాని అంచున నిలబడి, "మా ఊళ్లో గేదెలు దిగే కుంట ఇంతకంటే పెద్దదండీ అల్లుడుగారూ" అన్నారు. ఆ తర్వాత సాయంత్రం దాకా మాట్లాడలేదు.

ఇక రైతు ఇల్లు. డెల్టాలోని కాన్ థో ఊరి బయట, హైవే పక్కన, మూడంతస్తుల లాడ్జి. కిటికీ తెరిస్తే జానెడు దూరంలో పక్కింటి గోడ. పాస్‌పోర్టులు కౌంటర్లో పెట్టేసుకున్నారు. ఏసీ రిమోట్ కావాలంటే 1,00,000 డాంగ్ డిపాజిట్. దిండు మీద ఎవరిదో పొడవాటి వెంట్రుక. మా ఆవిడ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి నా ముఖం ముందు పెట్టి, ఏమీ అనకుండా, తన చున్నీ పరుచుకుని పడుకుంది. తిట్టినా బాగుండేది. గైడుని నిలదీస్తే "వానలకి రైతు ఇల్లు బాగా లేదు" అన్నాడు. మేం దిగినప్పటి నుంచి చుక్క పడలేదు.

మర్నాడు కాయ్ రాంగ్ సంతకి ఐదింటికి అన్నవాడు ఎనిమిదీ ఇరవైకి తీసుకెళ్లాడు. సరుకు పడవలు అప్పటికే సర్దుకుని వెళ్లిపోతున్నాయి. మిగిలింది మాలాంటి టూరిస్టుల పడవలు, ఒకదాన్ని ఒకటి ఫోటోలు తీసుకుంటూ. అక్కడితో టూర్ వదిలేశాం. లాడ్జికి వచ్చి పాస్‌పోర్టులు విడిపించుకోవడానికి ముప్పావుగంట. ఆఫీసుకి ఫోన్ చేస్తే, దిగిపోయింది మీరే కాబట్టి పైసా తిరిగి రాదన్నారు.

కాబట్టి నా మాట: సైగాన్‌లో డెల్టా టూర్ కొనకండి. మియెన్ తాయ్ బస్టాండులో కాన్ థో స్లీపర్ బస్సు ఎక్కండి. టికెట్ 1,65,000 డాంగ్, సుమారు నాలుగు గంటలు. చెప్పులు విప్పి కవర్లో పెట్టుకోవాలి, అంతే. మిగతాది అక్కడికెళ్లి వెతుక్కోవచ్చు. మేం మళ్లీ బస్సు కూడా ఎక్కక్కర్లేకపోయింది. నిన్ కియూ రేవు దగ్గర పెట్టెల మీద కూర్చుని కాఫీ తాగుతుంటే, కాఫీ పోసిన అమ్మాయే మా ముఖాలు చూసి ఓ ఇంటికి ఫోన్ చేసింది.

కాలవ ఒడ్డున రేకుల ఇల్లు. రెండు గదులు, గదికి రాత్రికి 3,50,000 డాంగ్, పొద్దున్న టిఫిన్ అందులోనే. దోమతెరలు ఉతికి ఉన్నాయి. ఇల్లుగలావిడకి అరవై ఆరు దాటి ఉంటాయి. అందరూ 'బా తు' అంటారు. బా అంటే మామ్మ, తు అంటే నాలుగు. కానీ ఆవిడ ఇంట్లో మూడో సంతానం. ఇక్కడ దక్షిణాదిన పెద్దబిడ్డని 'ఒకటి' అనరట, 'రెండు' నుంచి మొదలుపెడతారు. గడప దాటగానే మా ముగ్గురి వయసులూ అడిగింది. మా ఆవిడ ముఖం మాడ్చుకుంది. తర్వాత మనవడు చెప్పాడు, వయసు తెలిస్తేనే వరస తెలుస్తుంది, వరస తెలియకపోతే మనిషిని ఎలా పిలుస్తారు అని. మావయ్యగారికి ఆ లెక్క వెంటనే నచ్చింది.

మనవడు కాన్ థో యూనివర్సిటీలో చేపల పెంపకం చదువుతున్నాడు. కాస్త ఇంగ్లిషు, మిగతాది ఫోన్‌లో అనువాదం. మాది హైదరాబాద్ అనగానే బిర్యానీ అంటాడనుకున్నాను. "ఎన్‌గో బావో చౌ!" అన్నాడు. గణితంలో అతి పెద్ద బహుమతుల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్‌ని వియత్నాంకి మొదటిసారి తెచ్చిన గణితవేత్త. 2010 ఆగస్టులో ప్రపంచ గణిత మహాసభ హైదరాబాద్‌లో జరిగినప్పుడు, హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో మన రాష్ట్రపతి చేతుల మీదుగా తీసుకున్నాడు. నేను రోజూ ఆఫీసుకి ఆ గేటు ముందు నుంచే వెళ్తాను. నాకు తెలియదు.

మధ్యాహ్నం భోజనం. మట్టి దాకలోంచి పొగలు కక్కుతూ గిన్నెలో పోసింది. పేరు కాన్ చువా. గరిటె తిప్పి చూస్తే టమాటా, బెండకాయ, చేమకాడల్లాంటి తొడిమలు, పైనాపిల్ ముక్కలు, కింద చేప. మావయ్యగారు ఒక చెంచా నోట్లో పోసుకుని ఆగిపోయారు. "చింతపండమ్మా!" అని కూతురి వైపు తిరిగారు. అవును, చింతపండే. మూడు రోజుల తర్వాత ఆ మనిషి మొదటిసారి నవ్వారు. కాస్త తీపి ఎక్కువ, మన కారం లేదు. కానీ పులుసు పులుసే. మూడు గిన్నెల అన్నం తిన్నారు. పక్కన నుక్ మామ్ అనే చేపల ద్రవం పెట్టారు, మాకు ఆ వాసన పడలేదు, వాళ్లకి అది లేకుండా ముద్ద దిగదు.

మా ఆవిడకి శనివారం నీచు పనికిరాదు. దానికి ఇక్కడి మాట 'చాయ్', అంటే శాకాహారం. మొదటిరోజు 'కామ్ చాయ్' బోర్డు చూసి టీ కొట్టు అనుకుని దాటిపోయింది. బౌద్ధుల హోటళ్లు, అమావాస్య వెళ్లిన పాడ్యమికీ పౌర్ణమికీ కిటకిటలాడతాయి. ప్లేటు 30,000 డాంగ్, అంటే వంద రూపాయలు.

భోజనాలయ్యాక బా తు మావయ్యగారిని ఏం పండిస్తారని అడిగింది. ఆయన చెప్పారు. తర్వాత ఆవిడ ఏదో అంది. ఫోన్ దాన్ని 'గోధుమ రంగు పురుగు వరిని తినేసింది' అని తర్జుమా చేసింది. మాకు అర్థం కాలేదు. ఆవిడ లేచి, చేత్తో గాల్లో గుండ్రంగా ఒక సుడి గీసి, వేళ్లు ముడిచి ఎండిపోయినట్టు చూపించింది. "సుడిదోమ!" అన్నారు మావయ్యగారు. ఇద్దరూ ఒకే పురుగుకి మందు కొట్టిన పాత నేస్తాల్లా చూసుకున్నారు.

ఆవిడ చెప్పింది 1978 మాట. యుద్ధం అయిపోయి మూడేళ్లు. డెల్టా అంతా సుడిదోమ పడి చేలు తగలబడినట్టు అయిపోయాయి. కాన్ థో యూనివర్సిటీలో వో తోంగ్ సువాన్ అనే వరి ప్రొఫెసర్ ఉండేవాడు. జపాన్‌లో చదువుకుంటూ, సరిగ్గా 1975లో అందరూ దేశం వదిలిపోతుంటే తను తిరిగొచ్చినవాడు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకి రాసి, దోమని తట్టుకునే ఐఆర్ 36 అనే వరి రకం గింజలు చిన్న కవర్లో తెప్పించాడు. వాటిని పెంచి, నారు తుంచి, మళ్లీ పెంచి విత్తనం చేశాడు. కానీ లక్షల ఎకరాలకి చేర్చేదెవరు? యూనివర్సిటీ రెండు నెలలు మూయించి, విద్యార్థులకి తలా ఒక కిలో విత్తనం ఇచ్చి పల్లెలకి పంపాడు. దాదాపు రెండు వేల మంది. వాళ్లకి నేర్పిన పాఠం ఒక్కటే: నారుమడి ఇలా పోయాలి, దమ్ము ఇలా చేయాలి, కుదురుకి ఒక్క మొక్కే పెట్టాలి.

ఆ రెండు వేలలో బా తు ఒకతె. గుడ్డ సంచిలో కిలో వడ్లు, పడవలో సగం రోజు ప్రయాణం. ఒక్కో మొక్క నాటుతుంటే రైతులు గట్టు మీద కూర్చుని నవ్వారట. "మా ఊళ్లో ఒంటి మొక్క నాటే శ్రీ వరి వచ్చినప్పుడు నేనూ అలాగే నవ్వానని చెప్పండి" అన్నారు మావయ్యగారు. నేను ఫోన్‌కి చెప్పాను. ఫోన్ ఏం చెప్పిందో గానీ ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ ఐఆర్ 36ని తయారుచేసింది మన పంజాబీ, గుర్‌దేవ్ సింగ్ ఖుష్. 2023 డిసెంబర్‌లో హనోయ్‌లో సువాన్‌కీ ఖుష్‌కీ కలిపి విన్‌ఫ్యూచర్ అనే సైన్సు బహుమతి ఇచ్చారు. 2024 ఆగస్టులో సువాన్ పోయారు. ఖుష్ చేసిన ఇంకో రకం ఐఆర్ 64. మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్లు కృష్ణవేణి అనే రకంతో దాన్ని కలిపే కాటన్ దొర సన్నాలు తీశారు, మావయ్యగారు ఎన్నో పంటలు వేసిన ఎంటీయూ 1010 అదే. అయితే విత్తనం ఒక్కదానితోనే ఈ దేశం నిలబడలేదు. 1988లో ఉమ్మడి సాగు వదిలి పొలాలు కుటుంబాల చేతికిచ్చారు. అప్పటిదాకా బియ్యం కొనుక్కు తిన్న దేశం 1989లో పది లక్షల టన్నులకి పైగా ఎగుమతి చేసింది. ఇప్పుడు ఆ ఒంటి మొక్క నాట్లూ లేవు. పొలాలు చూస్తే ఎక్కువగా వెదజల్లడమే.

మర్నాడు ఐదింటికి పక్కింటాయన పడవలో అదే సంతకి మళ్లీ వెళ్లాం. మూడు గంటలకి 4,00,000 డాంగ్. చీకట్లోనే గుమ్మడికాయలు చేతులు మారుతున్నాయి. ప్రతి పడవకీ ఒక నిలువు గడ, దాని కొసన అనాస కట్టి ఉంటే అనాస అమ్మకం, ముల్లంగి ఉంటే ముల్లంగి. ఆరేసిన బట్టలు మాత్రం అమ్మకానికి కాదు. కొబ్బరాకు కట్టి ఉంటే పడవే అమ్మకానికి ఉన్నట్టు. సంత ఏటేటా చిక్కిపోతోంది, సరుకు రోడ్డెక్కింది. చూడాలంటే త్వరగా చూడండి, ఆరు దాటకుండా.

తోత్ నోత్ వైపు చెరువులకి కారు 9,00,000 డాంగ్. ఎక్కువే, కానీ ఈ ప్రయాణంలో దండగ కాని ఖర్చు ఇదే. చెరువు లోతు నాలుగు మీటర్లు. మేత చల్లగానే నీళ్లు మరిగినట్టు ఉడికాయి. నది పోటుతో రోజూ నీళ్లు మారుస్తారు, అందుకే చేప కండ తెల్లగా ఉంటుంది. మన హోటళ్లలో 'బాసా' అని పెట్టే తెల్ల ముక్కలు చాలావరకు ఈ చేపవే. ఒకప్పుడు పిల్లల్ని నదిలో పట్టుకొచ్చేవారు. 1990ల్లో కాన్ థో యూనివర్సిటీ వాళ్లు, ఫ్రెంచివాళ్లు కలిసి హేచరీలో గుడ్లు పెట్టించాక కథ మారిపోయింది. దిగుబడి ఎంతని అడిగితే హెక్టారుకి 300 టన్నులన్నాడు రైతు. మావయ్యగారు వేళ్ల మీద లెక్క వేశారు. "ఎకరానికి నూట ఇరవయ్యా? సున్నా ఒకటి ఎక్కువైంది, ఫోన్‌ని మళ్లీ అడగండి." మళ్లీ అడిగాం, అదే. మావయ్యగారి చెరువులో ఎకరానికి పది టన్నులు దాటితే పండగ. ధర సంగతి అడిగితే మాత్రం ఆ రైతు పెదవి విరిచాడు. దానికి ఫోన్ అక్కర్లేకపోయింది.

రెండు రాత్రుల గదులు 14,00,000, పడవ 4,00,000, కారు 9,00,000, ముగ్గురి తిండి 6,00,000. మొత్తం 33,00,000 డాంగ్, అంటే 11,000 రూపాయలు. పులుసుకి బా తు డబ్బు తీసుకోలేదు.

సైగాన్ ఎయిర్‌పోర్టు మెట్ల దగ్గర మావయ్యగారి జేబు ఉబ్బెత్తుగా ఉండటం మా ఆవిడ చూసింది. గుప్పెడు వడ్లు. "నాన్నా, పర్మిట్ లేకుండా విత్తనాలు తేకూడదు, పట్టుకుంటారు" అని గొడవ. ఆయన చాలాసేపు బతిమాలారు. చివరికి టెర్మినల్ బయట పూలకుండీ మట్టిని వేలితో గీరి, గింజలు అందులో దులిపేసి, పైన మట్టి సర్ది లోపలికి వచ్చారు.