ముస్తఫా బోర్డు కోసం పర్లాకిమిడి, రాయగడ

ఠాకురాణి జాతర చూస్తానని మా బావ శాన్‌హోసే నుంచి బరంపురం వచ్చాడు. రెండేళ్లకోసారి వచ్చే జాతర కదా అని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. తీరా చూస్తే సూట్‌కేసులో చొక్కాల మీద సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు. ఒకప్పుడు షాపుల్లో కాయిన్ వేసి ఆడే వీడియో గేమ్ మిషన్లలోని పాత సర్క్యూట్ బోర్డులు వెతకాలట. అక్కకి చెప్పే ధైర్యం లేక నన్ను తోడు తీసుకున్నాడు.

గుణుపురం వెళ్లే రైల్లో పర్లాకిమిడి దాకా వెళ్లాం. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా 1900లో మొదలైన చిన్న (న్యారోగేజ్) లైను అది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్. కిటికీ పక్కన సీటు దొరికితే బస్సు కన్నా వెయ్యి రెట్లు నయం. తిండి మాత్రం ఇంటి నుంచి కట్టుకెళ్లండి.

దారంతా బావ శాంటా క్లారా కబుర్లే. కాలిఫోర్నియా ఎక్స్‌ట్రీమ్ అని అక్కడ 1997 నుంచి జరుగుతున్న పాత గేమ్ మిషన్ల మేళా. గుమ్మం దగ్గర ఒక్కసారి టికెట్టు కొంటే చాలు, లోపల కాయిన్ పనే లేదు. మిషన్లు సొంతదారులే తెచ్చి పెడతారు. బావ కూడా తన ప్యాక్‌మ్యాన్ మిషన్ని ట్రక్కెక్కించి తీసుకెళ్తాడు. మేరీల్యాండ్‌లో మ్యాగ్‌ఫెస్ట్ అని ఇంకొకటి ఉంది. 2002లో చిన్నగా మొదలై ఇప్పుడు నాలుగు రోజులు పగలూ రాత్రీ నడుస్తోంది.

"జనం పెరిగితే ఆడేవాడికి పండగేరా. మిషన్ తెచ్చినవాడికి నడుం విరుగుతుంది. స్టిక్కు ఊగిపోతుంది, పిక్చర్ ట్యూబు వేడెక్కుతుంది, మధ్యాహ్నానికి స్క్రూడ్రైవరు పట్టుకుని పడుకోవడమే" అన్నాడు.

నాకు అక్కడే వెలిగింది. ఇలాంటి మేళా మంచిదో కాదో ఎన్ని మిషన్లున్నాయన్న లెక్కతో తేలదు. చెడిపోయినదాన్ని అక్కడికక్కడే బాగుచేసే చేతులెన్ని, విడిభాగాలమ్మే బల్లలెన్ని అని చూడాలి.

పర్లాకిమిడిలో దిగిన లాడ్జి పేరు చెప్పను. దుప్పటి శుభ్రంగానే ఉంది, కరెంటు పోతే జనరేటరు మాత్రం మెట్ల దీపానికే. పొద్దున్న వీధి చివర ఇడ్లీ, అల్లం పచ్చడి ఆ రాత్రి కష్టాన్ని మరిపించాయి. తెలుగులో అడిగితే తెలుగులోనే బదులు, ఒడియాలో అడిగితే ఒడియాలో.

ఊళ్లో ఒక పాత షాపు అటక మీద నాలుగు బోర్డులు దొరికాయి. అందులో ఒకటి ముస్తఫా! జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో వదిలిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అనే ఆట. మన పిల్లలెవరూ ఆ పేరు పలకలేదు, అందులోని టోపీవాడి పేరే ఆటకీ పెట్టేశారు. బావ బోర్డు తిప్పి చూసి నవ్వాడు. నకలు బోర్డు. అసలుదాంట్లో ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది, అది చచ్చిపోతే సౌండు చిప్పులోని రహస్య కోడు విప్పే తాళంచెవి చెరిగిపోయి ఆట మొండికేస్తుంది. నకలుకి ఆ బ్యాటరీ బాధే లేదు. దొంగసరుకే దీర్ఘాయుష్షు!

కేబినెట్, అంటే మిషన్ పెట్టె, ఎటూ విమానమెక్కదు. బోర్డైతే పళ్లెమంతే. 1985 నుంచి జామా అనే ఉమ్మడి వైరింగ్ పద్ధతిలో 56 పిన్నుల కనెక్టరు ఒకటే కాబట్టి, ఇక్కడి బోర్డు తీసి అక్కడి పెట్టెలో పెట్టుకోవచ్చు. రెండు బోర్డులు కొన్నాం. బేరం నేనే ఆడాను, అది వేరే కథ.

గుణుపురం దాకా వెళ్లి, అక్కడి నుంచి రాయగడకి బస్సు. ఘాటీ మలుపుల్లో బావకి వాంతులు, బోర్డుల సంచీ నా ఒళ్లో. మజ్జిగౌరమ్మ దర్శనం అయ్యాక స్టేషను దగ్గర దిగిన గది పర్లాకిమిడి కన్నా మేలు. వేడినీళ్లు అడగ్గానే వచ్చాయి.

అక్కడ టీవీలు బాగుచేసే పెద్దాయన, ఒకప్పుడు ఆరు మిషన్లు నడిపినవాడు, టీ చల్లారేలోపు మా బోర్డులో విరిగిన అతుకు వేసి ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు. బావ ఆనందం పట్టలేక ఫోన్లో మేళా ఫోటోలు చూపించాడు.

"ఆటకెంత తీసుకుంటారు బాబూ?"

"ఏమీ లేదండీ, టికెట్టు కొన్నవాళ్లు ఎంతసేపైనా ఆడుకోవచ్చు."

"మరి మీకు?"

"మాకేం రాదండీ. ట్రక్కు అద్దె కూడా మాదే."

పెద్దాయన కళ్లజోడు తీసి, బావని కాదు, నన్ను చూశాడు. "మీ అక్కగారికి తెలుసా?"

ఆ రాత్రే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో తిరిగి బరంపురం బయల్దేరాం. స్లీపరు బెర్తులు ముందే తీసుకోవడం మంచిదైంది. బోర్డులు తలకింద పెట్టుకుని బావ హాయిగా నిద్రపోయాడు.