గోల్డెన్ రేషియోనా, 0.7 లెక్కా, సొంత ఎముకల కొలతా?

లైపోసక్షన్ (సన్నని గొట్టంతో చర్మం కింది కొవ్వు లాగే ఆపరేషన్) కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈమధ్య కొలతలు రాసుకుని మరీ వస్తున్నారు. "గోల్డెన్ రేషియో ప్రకారం చేస్తారా డాక్టర్ గారూ, నడుము-తుంటి 0.7 ప్రకారం చేస్తారా?" అని అడుగుతున్నారు.

గోల్డెన్ రేషియో అంటే పెద్ద కొలత చిన్నదానికి 1.618 రెట్లు ఉండటం. ఫొటో మీద గీతలు ముచ్చటగా కుదురుతాయి. గీత మొదలయ్యే చోటు కాస్త జరిపితే మాత్రం జవాబే మారిపోతుంది. మన స్థపతులూ ముఖం పొడవును ఒక తాళంగా పెట్టుకుని నవతాళంలో, అంటే తొమ్మిది తాళాల ఎత్తున, విగ్రహం చెక్కుతారు. వాళ్లు తలకి తగ్గట్టు కాళ్లనీ చెక్కుకోగలరు. నా ముందున్న మనిషి ఎముకలు ఎప్పుడో కుదిరిపోయాయి.

0.7 అంటే నడుము చుట్టుకొలతని తుంటి చుట్టుకొలతతో భాగిస్తే వచ్చే అంకె. అది అంతకంటే నయం. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త దేవేంద్ర సింగ్ ఆడవాళ్ల గీత బొమ్మలతో చేసిన పరిశోధన వల్ల ప్రచారంలోకి వచ్చింది. ఇంట్లో టేపుతోనే చూసుకోవచ్చు. తుంటి 100 సెం.మీ., నడుము 88 అనుకోండి. 0.7 రావాలంటే నడుము 18 సెం.మీ. తగ్గాలి. అందులో చర్మం కింది కొవ్వు ఎంత, కండరాల వెనక పేగుల చుట్టూ ఉన్నది ఎంత? లైపోసక్షన్ గొట్టాన్ని కండరం దాటనివ్వం. పక్కటెముకల చివరకీ తుంటి ఎముకకీ మధ్య రెండు వేళ్ల సందే ఉంటే, నడుము వంపు తిరగడానికి చోటెక్కడ?

అందుకే నేను ఎముకల గుర్తుల్నీ, చేతికి అందే చర్మం-కొవ్వు మడతనీ నమ్ముతాను. మనిషిని నిలబెట్టే మార్కింగ్ చేస్తాను. పడుకుంటే పొట్ట పక్కలకి జారిపోతుంది. రొమ్ము ఎముక కింది కొస నుంచి నిలువు గీత గీసి, అటూ ఇటూ ఒకే దూరంలో వేళ్లతో మడత పట్టి చూస్తాను. మొన్న ఒకావిడకి కుడివైపు మడత నాలుగు సెంటీమీటర్లు, ఎడమవైపు మూడే. రెండువైపులా సమానంగా తీసుంటే ఆ తేడా అలాగే ఉండిపోయేది.

టమ్మీ టక్‌లో, అంటే పొట్ట మీది అదనపు చర్మం తీసేసే ఆపరేషన్‌లో, ఇది మరీ ముఖ్యం. బొడ్డు తొడిమ పొట్ట గోడని అంటిపెట్టుకునే ఉంటుంది. పైచర్మాన్ని కిందికి లాగి, తొడిమకి ఎదురుగా కొత్త రంధ్రం చేస్తాం. మామూలుగా అది తుంటి ఎముకల పై అంచుకి దాదాపు సమంగా వస్తుంది. సూత్రం చెప్పిందని రెండు సెంటీమీటర్లు పైకి జరపాలంటే తొడిమని లాగి కుట్టాలి. ఆ లాగుడుకి మచ్చ సాగిపోవచ్చు.

ఫోన్ యాప్‌లు, 3డీ బొమ్మలు మాట్లాడుకోవడానికి పనికొస్తాయి, అంతే.

కన్సల్టేషన్‌కి వెళ్తే ఒకటి గమనించండి: డాక్టర్ మిమ్మల్ని నిలబెట్టి మడత పట్టి చూశారా, ఫొటో చూసే అంకెలు చెప్పేశారా?