సక్యులెంట్ టెర్రేరియం కిట్: పాత్ర మేలైనది, మట్టి మాత్రం మార్చుకోవాలి

గాజు పాత్రలో (టెర్రేరియంలో) సక్యులెంట్ల, అంటే నీటిని దాచుకునే దళసరి ఆకుల మొక్కల, తోట పెంచుకోవడానికి కావలసినవన్నీ ఒకే పెట్టెలో పంపే కిట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో విరివిగా దొరుకుతున్నాయి. వాటిలో ఒకదాన్ని 1,100 రూపాయలకు విజయవాడలోని మా ఇంటికి తెప్పించుకుని, అందులో ఇచ్చిన సూచనల ప్రకారమే మొక్కలు నాటి, వానాకాలం గడిచేదాకా గమనించిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసినది గాజు పాత్రను. అది మందంగా, మచ్చ లేకుండా ఉంది. చేయి లోపలికి సులువుగా పట్టేంత వెడల్పైన మూతి ఉంది, మూత లేదు. మూత లేకపోవడం లోపం కాదు, ఈ మొక్కలకు అదే సరైన పద్ధతి. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ మూసి ఉంచిన సీసాలో ఫెర్న్ మొలకెత్తడం గమనించిన నాటి నుంచి వాడుకలోకి వచ్చిన మూత పాత్రల్లో, ఆవిరైన నీరే చుక్కలుగా మారి తిరిగి మట్టిలోకి చేరుతూ ఉంటుంది. ఫెర్న్‌లకు, నాచుకు ఆ తేమ ఎంతో హితం. ఆకుల్లోనే నీటిని దాచుకుని, పగటి వేడిలో తేమ పోకుండా పత్రరంధ్రాలను ప్రధానంగా రాత్రిపూట తెరిచే సక్యులెంట్లకు మాత్రం అది ప్రాణాంతకం. మొక్కలను పంపిన తీరు కూడా బాగుంది: హవార్తియా, ఎచెవేరియా, జేడ్ మొక్కలను మట్టి దులిపి విడివిడిగా కాగితంలో చుట్టారు. తాకితే ఊడిపోయే ఎచెవేరియా ఆకులు సైతం చెక్కుచెదరలేదు.

అసలు లోపం మట్టి మిశ్రమంలో ఉంది. అందులో అధికభాగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు). అది తన బరువుకు అనేక రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. పాత్ర అడుగున రంధ్రం లేదు కాబట్టి కింద గులకరాళ్ళు, వాటిపై బొగ్గు ముక్కలు పరిస్తే నీరు వడకట్టుకుపోతుందని సూచనల పత్రం చెబుతోంది. నిజానికి పైనున్న మెత్తని మట్టి పూర్తిగా తడిసి నిండేవరకు నీరు రాళ్ళలోకి దిగదు. దిగిన నీటికి బయటకు పోయే దారీ లేదు, బొగ్గు దాన్ని మాయం చేయదు. పైగా మట్టిపై నాచు పరచమని, రోజూ స్ప్రే చేయమని రాశారు. ఫెర్న్‌లకు చెప్పవలసిన మాటలను సక్యులెంట్లకు చెప్పడం కొత్తగా మొక్కలు పెంచేవారికి చేసే అన్యాయం. ఆ సూచనలు పాటించినందుకు జేడ్ కాండం మొదట్లో మెత్తబడి కుళ్ళిపోయింది.

మిగిలిన రెండు మొక్కలనూ తీసి, వేర్లను నీడలో ఆరబెట్టి, కిట్ మట్టి ఒక వంతుకు కడిగిన ముతక ఇసుక, పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) కలిసి రెండు వంతులు చేర్చి మళ్ళీ నాటాను. నాచును పూర్తిగా వదిలేశాను. నాటిన వెంటనే నీరు పోయకుండా, తెగిన వేర్లు మానేందుకు సుమారు వారం ఆగడం అవసరం. ఆ తరువాత అగరుబత్తి పుల్లను అడుగుదాకా గుచ్చి, తడి అంటకుండా వస్తేనే చెంచాతో మొక్క మొదట్లో కొద్దిగా పోస్తున్నాను. ఆకుల నడుమ నీరు నిలిచి కుళ్ళు పట్టే ప్రమాదం ఉంది కనుక కిట్‌లోని స్ప్రే సీసా ఇక్కడ పనికిరాదు. పొడవాటి పట్టకారు మాత్రం ఎంతో ఉపయోగపడింది.

మొక్కల ఎంపికపైనా ఒక అభ్యంతరం ఉంది. దక్షిణాఫ్రికాకు చెందిన హవార్తియా సహజంగా పొదల నీడన పెరిగేది కనుక కిటికీ వెలుతురులో ఆరోగ్యంగా ఉంది, పక్కన పిలకలు కూడా వేసింది. మెక్సికో ఎండకు అలవాటైన ఎచెవేరియా అదే వెలుతురు చాలక, ఆకుల మధ్య దూరం పెరిగి, కాండం సాగిపోయింది. ఎండలో పెడదామంటే గాజు లోపల వేడి పేరుకుని వేర్లు దెబ్బతింటాయి. దాని బదులు హవార్తియాలాగే నీడలో పెరిగే గ్యాస్టీరియా మొక్క ఇచ్చి ఉంటే రెండూ ఒకే వెలుతురులో, ఒకే నీటి పద్ధతిలో పెరిగేవి.

మట్టి మార్చుకునే ఓపిక ఉన్నవారు ఈ కిట్‌ను నిస్సందేహంగా కొనవచ్చు. పాత్ర, పట్టకారు, హవార్తియా ఆ ధరకు తగినవే. రాజమహేంద్రవరం దగ్గరి కడియం నర్సరీలకు చేరువలో ఉన్నవారు మాత్రం మొక్కలను అక్కడే చూసి ఎంచుకుని, వెడల్పు మూతి గాజు పాత్రను విడిగా కొనుక్కోవడం మేలు.