బాలి టూరుకు తగిలించే బ్రోమో–ఇజెన్ ప్యాకేజీ: డబ్బు కట్టే ముందు

నెల్లూరు, ఒంగోలు ట్రావెల్స్ వాళ్ల దగ్గర చెన్నై నుంచి బాలి టూరు మాట్లాడుకుంటే, దానికి తోడు పక్క దీవి జావాలోని అగ్నిపర్వతాలు చూపించే 3 పగళ్లు, 2 రాత్రుల ప్యాకేజీ కూడా అంటగడుతుంటారు. చూపించేవి తూర్పు జావాలోని బ్రోమో, ఇజెన్. రెండూ అంతదూరం పోయి చూడదగ్గవే. తంటా అంతా ఆ రెండు రాత్రులతోనే: హోటల్ గదికి డబ్బు కడతారు గానీ రెండు రాత్రులూ నిద్ర ఉండదు.

బ్రోమోకు సురబయ విమానాశ్రయం నుంచి ప్రొబొలింగ్గో మీదుగా కారులో మూడు, నాలుగు గంటల ప్రయాణం. బస చెమొరో లావాంగ్‌లో ఇస్తున్నారో లేదో ముందే అడగండి. ఆ ఊరు పాత అగ్నిపర్వతం కూలి ఏర్పడ్డ పెద్ద గుంట అంచునే ఉంటుంది. కింద ప్రొబొలింగ్గోలో గది ఇస్తే ఖర్చు తగ్గేది ఏజెంటుకు, రాత్రి ఒంటిగంటకే లేవాల్సింది మీరు. మామూలు కార్లను బ్రోమో చుట్టూ ఉన్న ఇసుక మైదానంలోకి రానివ్వరు, స్థానిక జీపే ఎక్కాలి. బ్రోచరులో ‘బ్రోమో సందర్శన’ అని మాత్రమే ఉంటే జీపు, పార్కు టికెట్ కలిశాయో లేదో రాయించుకోండి. విదేశీయుల టికెట్ స్థానికుల కన్నా చాలా ఎక్కువ.

తెల్లవారుజామున 3 గంటలకు జీపు బయల్దేరి 2,770 మీటర్ల ఎత్తున్న పెనంజకాన్ వ్యూపాయింటుకు చేరుస్తుంది. వెలుతురు రాగానే ఎదురుగా గాడులు పడ్డ కొండ ఒకటి కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్నే బ్రోమో అనుకుని ఫొటోలు తీస్తుంటారు. అది బాటోక్. పక్కన మొండిగా, పొగ వదులుతూ ఉన్నది బ్రోమో, 2,329 మీటర్లు. వెనకాల దూరంగా ఉన్నది సెమేరు; 3,676 మీటర్లతో జావాలో అన్నిటికన్నా ఎత్తు. అక్కడి నుంచి జీపు కిందికి దింపితే ఇసుకలో కొంత నడక (గుర్రాలూ దొరుకుతాయి), ఆపైన సుమారు 250 మెట్లు. బిలం అంచు ఇరుకు, చిన్న పిల్లల చెయ్యి వదలకండి. కొండ కింద ఉన్నది పోతెన్ గుడి. ఇక్కడి టెంగ్గర్ ప్రజలు హిందువులే. కసద పండుగకు కూరగాయలు, కోళ్లు తెచ్చి బిలంలో వేస్తారు. ఏజెంట్లు ఈ ముక్క చెప్పరెందుకో, మనవాళ్లకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

చలి సంగతి తేలిగ్గా తీసుకోకండి. అక్కడ వానలు లేని జూన్–ఆగస్టు నెలల్లో వేకువన 5 డిగ్రీల దాకా పడుతుంది. మంకీ క్యాప్, స్వెట్టరు, బూట్లు తప్పనిసరి.

ఇజెన్ కష్టం వేరు. నడక మొదలయ్యే పల్టుడింగ్ నుంచి బిలం అంచుకు 3 కిలోమీటర్లు, సుమారు 500 మీటర్ల ఎక్కుడు. మొదటి రెండు కిలోమీటర్లే ప్రాణం తీస్తాయి. అలిపిరి నడిచే వాళ్లకు దమ్ము సరిపోతుంది గానీ ఇక్కడ మెట్లుండవు. వదులు మట్టి, దిగేటప్పుడే జారుతుంది. ఇజెన్‌కు అందరూ పోయేది బిలంలో రాత్రిపూట కనిపించే నీలి మంట కోసం. అది లావా అనుకుంటారు, కాదు. పగుళ్లలోంచి వేడిగా ఎగదన్నే గంధకపు వాయువు గాలి తగలగానే అంటుకుంటుంది. పగలు కూడా మండుతూనే ఉంటుంది, వెలుతురులో కంటికి ఆనదు. అందుకే చీకటి ఉండగానే చేరాలి. దగ్గరగా చూడాలంటే బిలంలోకి రాళ్ల దారిన దిగాలి. దాన్ని అప్పుడప్పుడు మూసేస్తారు, కాబట్టి ‘నీలి మంట గ్యారంటీ’ అన్న ఏజెంటును నమ్మకండి. గాలి తిరిగితే పొగ ముఖానికే కొడుతుంది. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు పనికిరావు. కార్ట్రిడ్జి ఉన్న గ్యాస్ మాస్కు గైడు ఇవ్వాలి. ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు, కింద క్లినిక్కులోనే రాసిస్తారు. ఆస్తమా ఉంటే ఆ కాగితం వచ్చినా ఎక్కకపోవడమే మంచిది. దారిలో 70–90 కిలోల గంధకం మోసుకొచ్చే కూలీలకు పక్కకు తప్పుకోండి. నడవలేని వాళ్లను తోపుడు బండి మీద లాక్కెళ్తారు, బేరం ముందే తేల్చుకోవాలి. తెల్లారాక కనిపించే ఆకుపచ్చ–నీలం సరస్సు నిండా ఆమ్లమే, పీహెచ్ 0.5 కన్నా తక్కువ.

ఇప్పుడు లెక్క చూడండి. బ్రోమో నుంచి ఇజెన్ కింద హోటల్‌కు ఐదారు గంటలు, ఒక్కోసారి ఏడు. సాయంత్రం చేరి అర్ధరాత్రి మళ్లీ లేవాలి. ఇజెన్ దిగేసరికి ఎనిమిదో తొమ్మిదో. అక్కడి నుంచి కెటపాంగ్ రేవు, గిలిమనుక్ దాకా గంట ఫెర్రీ, బాలిలో ఇంకో నాలుగు గంటల రోడ్డు. పైగా బాలి గడియారం జావా కన్నా గంట ముందుంటుంది. ‘మధ్యాహ్న భోజనం బాలిలో’ అని రాసిన ప్యాకేజీ అబద్ధం. ఇజెన్ కింద ఉన్న బన్యువాంగి ఊళ్లో ఒక రాత్రి అదనంగా అడగండి. ఆ గది ఖర్చు కళ్లు మూసుకుని పెట్టొచ్చు. విమానం కూడా సురబయలో దిగి, బాలిలోని దెన్‌పసార్‌లో ఎక్కేలా తీసుకుంటే వెనక్కి తిరిగే పని తప్పుతుంది.

అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే జావా వదిలేయండి. బాలిలోనే కింతామణి వరకు కారు వెళ్తుంది. అక్కడ నిలబడితే 1,717 మీటర్ల బాతుర్, దాని పక్కన సరస్సు ఎదురుగా ఉంటాయి, కింద నల్లటి లావా మీద జీపులూ తిప్పుతారు.

అడ్వాన్సు ఇచ్చే ముందు, కొండ మూసేస్తే డబ్బు వాపసు ఎంతో కాగితం మీద పెట్టించండి. 2017 నవంబరులో బాలిలోని అగుంగ్ అగ్నిపర్వతం చిమ్మిన బూడిదకు దెన్‌పసార్ విమానాశ్రయమే మూతపడింది. ఏ అగ్నిపర్వతం ప్రమాద స్థాయి ఎంతో నాలుగు మెట్లుగా ‘మాగ్మా ఇండోనేషియా’ సైటులో ఉంటుంది, బయల్దేరే ముందు చూసుకోండి. మార్చిలో అయితే బాలి హిందువుల మౌన దినం న్యెపి తేదీ తప్పించండి; ఆ రోజు బాలిలో విమానాలు, ఫెర్రీలు ఏవీ తిరగవు.