కీళ్లవాతంతో కేరళ వెళ్తే: ఎక్కడ డబ్బు కట్టొచ్చు, ఎక్కడ దండగ

సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో పాలక్కాడ్, అక్కడి నుంచి షోరనూర్ వైపు కారులో 1,900 రూపాయలు. ప్రయాణం హాయిగానే సాగింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న వదిన కోసం కింది బెర్తు దొరికింది, అంతే చాలు.

అసలు గొడవ ముందుగా బుక్ చేసిన ఆయుర్వేద కేంద్రం దగ్గర మొదలైంది. 14 రోజుల ప్యాకేజీ 68,600. అందులో 30,000 అడ్వాన్సు. అది తిరిగివ్వరన్న సంగతి రసీదు వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. వదిన మాత్రలు చూడగానే అక్కడి వైద్యుడు, "ఇవన్నీ ఆపేయండమ్మా, అప్పుడే మా మందు పడుతుంది" అన్నాడు. అందులో ఈ జబ్బును అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్‌తో పాటు నెలల తరబడి వాడుతున్న ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కూడా ఉంది! స్టెరాయిడ్ మూడు వారాలు దాటి వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ హార్మోను తగ్గిపోతుంది. హఠాత్తుగా మానేస్తే వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. డోసు తగ్గించాలంటే కీళ్లవాతాల డాక్టరు, అంటే రుమటాలజిస్టే మెల్లమెల్లగా తగ్గించాలి.

మరి "మాత్రలు మానేసి బాగుపడ్డాం" అనేవాళ్లు ఎందుకు కనిపిస్తారు? మెథోట్రెక్సేట్ పని మొదలుపెట్టడానికి ఎలా వారాలు పడుతుందో, మానేశాక దాని ప్రభావం దిగిపోవడానికీ అలాగే పడుతుంది. రెండు వారాలు వంటిల్లు లేదు, గిన్నెలు తోమే పని లేదు, రోజూ కాపడం, నిండా నిద్ర. హాయిగానే ఉంటుంది. వాపులు తిరగబెట్టేసరికి మనిషి ఇంట్లో ఉంటాడు, కేంద్రంవాళ్ల పుస్తకంలో మాత్రం "నయమైంది" అని ఉంటుంది.

ఇంకో విడ్డూరం. వాచి, ఎర్రగా వేడెక్కిన మోకాళ్లకి నూనె మర్దనకి సిద్ధమయ్యారు. ఆమవాతం (ఇలాంటి కీళ్లవాతానికి ఆయుర్వేదంలో పేరు) ముదిరి ఉన్నప్పుడు నూనె కూడదని, పొడి ఇసుక మూటతో కాపడం పెట్టాలని చెప్పేది ఆయుర్వేదమే. సొంత శాస్త్రాన్నే పట్టించుకోని చోట ఇంగ్లిషు మందుల మీద తీర్పులేమిటి? పైగా పేరు, దినుసులు లేని సీసాల్లో కషాయాలు. "ఇమ్యూనిటీ పెరుగుతుంది" అంటూ తిప్పతీగ ఇచ్చారు. రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత కీళ్లనే కొరుకుతున్న జబ్బులో దాన్ని ఇంకా రెచ్చగొట్టడమేమిటి? తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. మెథోట్రెక్సేట్‌కీ కాలేయం మీదే కన్ను.

అన్నయ్య 30,000 తలుచుకుని రెండు పూటలు ఎవరితోనూ మాట్లాడలేదు. వదినే "పోతే పోయింది, నడవండి" అంది.

షోరనూర్ దగ్గర భారతప్పుళ నది దాటితే చెరుతురుత్తి. అక్కడ కేంద్ర ప్రభుత్వ పంచకర్మ పరిశోధన సంస్థ ఉంది. పొద్దున్నే ఓపీకి పాత రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ పట్టుకెళ్లాలి. పడక వెంటనే దొరుకుతుందని లెక్కేసుకుని మాత్రం వెళ్లొద్దు. వాపు తగ్గాక చేసే ఞవరక్కిళి గురించి అడగండి: నవర బియ్యాన్ని పాలు, కురుంతోట్టి వేరు కషాయంలో ఉడికించి మూటలు కట్టి ఒళ్లంతా పట్టిస్తారు. కండరాల బిగువు సడలుతుంది, జబ్బు మాత్రం పోదు.

బస హోమ్‌స్టేలో, ఉదయం టిఫిన్‌తో కలిపి రోజుకి 1,800. నాకైతే ఆ 68,600 కన్నా ఇదే వైద్యంలా అనిపించింది. కింది అంతస్తు గది, కమోడ్ పక్కన పట్టుకోవడానికి కమ్మీ, పిడికిలితో నెట్టే కుళాయి. గుండ్రటి కుళాయి తిప్పాలంటే పొద్దుటి పూట బిగుసుకున్న వేళ్లకి నరకం. రాత్రి ఎర్ర మట్ట బియ్యం గంజి, పెసలు, కొబ్బరి చట్నీ. ఇంటామె అడక్కుండానే ఫ్లాస్కులో వేణ్ణీళ్లు పెట్టేది. లేవగానే పది నిమిషాలు వేళ్లు ముంచితే బిగువు సడలుతుంది.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. ప్రయాణంలో తేదీలు కలగాపులగమై రోజూ మింగేసి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. స్ట్రిప్పు మీద వారం పేరు స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసుకోండి, దానికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేరే డబ్బాలో పెట్టుకోండి. విరేచనాల చికిత్స, ఉపవాసం అంటే ఒప్పుకోవద్దు: ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు మెథోట్రెక్సేట్‌ను సరిగా బయటికి పంపలేవు. నోట్లో పుండ్లు, జ్వరం వస్తే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. కషాయం ఏది తాగినా ఊరొచ్చాక రక్తకణాల లెక్క, కాలేయానికి ఎస్‌జీపీటీ, మూత్రపిండాలకి క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోండి.