స్కూల్‌లో సోషల్ క్యాపిటల్ కొలవాలంటే ఏది మేలు: నమ్మకం సర్వేనా, పరిచయాల మ్యాపా?

సోషల్ క్యాపిటల్ అంటే మనుషుల మధ్య ఉండే నమ్మకం, పరిచయాలు, వాటివల్ల దొరికే ఆసరా. ఒక స్కూల్‌లో తల్లిదండ్రులు, టీచర్లు ఒకళ్లకొకళ్లు ఎంత ఆసరాగా ఉన్నారో చూడాలంటే చాలామంది మీటింగ్‌కి ఎంతమంది వచ్చారో లెక్కేస్తారు. ఈజీనే కానీ నాకది అస్సలు నచ్చదు, వచ్చి సంతకం పెట్టి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయినవాళ్లు కూడా ఆ లెక్కలో ఉంటారు, డ్యూటీ వల్ల రాలేకపోయినా పక్కింటి పిల్లల్ని కూడా రోజూ స్కూల్లో దింపే ఆవిడ మాత్రం ఉండదు.

కాబట్టి అసలు పోటీ నమ్మకం సర్వేకీ, పరిచయాల మ్యాప్‌కీ మధ్యే.

సర్వే అంటే "ఇక్కడి టీచర్లు మాట మీద నిలబడతారా", "మీ ఇబ్బంది చెప్తే వింటారా" లాంటి ప్రశ్నలకి 1 నుంచి 5 దాకా మార్కులు వేయించడం. పేరు రాయక్కర్లేదు కాబట్టి జనం కాస్త ధైర్యంగా చెప్తారు. 1990ల్లో చికాగో స్కూళ్ల మీద బ్రైక్, ష్నైడర్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన పనిలో తేలిందేంటంటే, పెద్దవాళ్ల మధ్య నమ్మకం గట్టిగా ఉన్నచోట పిల్లల చదువు మెరుగుపడే అవకాశం ఎక్కువ. చిక్కల్లా సగటుతోనే. 4 వచ్చిందని సంబరపడితే ఎవరూ తెలియని కొన్ని కుటుంబాలు ఆ అంకె కింద కనబడకుండా పోతాయి, పైగా ఫారం నింపి ఇచ్చేది ఎక్కువగా స్కూల్‌తో ఇప్పటికే కలిసిపోయినవాళ్లే.

మ్యాప్‌లో పేర్లే అడుగుతారు. "మీ పిల్లల ఫ్రెండ్స్ అమ్మానాన్నల్లో ఎవరెవరు తెలుసు? అర్జెంట్‌గా పిల్లాణ్ని తీసుకురావాలంటే ఎవరికి ఫోన్ చేస్తారు?" ఒక్కో పేరుకి ఒక్కో బాణం గీస్తారు. అమెరికన్ సోషియాలజిస్ట్ జేమ్స్ కోల్‌మన్ 1988లో గట్టిగా చెప్పిన పాయింట్ ఇదే, ఫ్రెండ్స్ తల్లిదండ్రులు కూడా ఒకరికొకరు తెలిసుంటే పిల్లల్ని అందరూ కలిసి కనిపెట్టుకోగలరు. కొత్తగా చేరిన కుటుంబం వైపు ఒక్క బాణం కూడా రాకపోతే ఇట్టే తెలిసిపోతుంది. ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లు వాళ్లలో వాళ్లు బాగానే ఉండి, మిగతావాళ్లతో ఒకే ఒక్క తల్లి ద్వారా కలిసుంటే అదీ కనబడుతుంది, ఆవిడ కూతురు పై స్కూల్‌కి వెళ్లిపోతే ఆ దారి తెగిపోయినట్టే, ఏ సర్వే మార్కూ ఈ సంగతి చెప్పదు.

కాకపోతే నలుగురైదుగురు జవాబివ్వకపోయినా మ్యాప్‌లో బొక్కలు పడతాయి. పేర్లు బయటపడతాయన్న భయం కూడా న్యాయమైనదే, పేర్ల బదులు కోడ్ నంబర్లు పెట్టాలి, ఎవరు ఏం రాశారో ప్రిన్సిపాల్‌కి సైతం చూపించకూడదు.

చాలా స్కూళ్లని పోల్చాలంటే సర్వేనే కుదురుతుంది. ఒక క్లాసులో ఎవరు ఒంటరిగా మిగిలారో పట్టుకుని ఏదైనా చేయాలంటే నా ఓటు మ్యాప్‌కే. టీచర్లంటే తల్లిదండ్రులు భయపడే చోట మాత్రం ముందు పేరు లేని సర్వే పెట్టండి, అలాంటి చోట పేర్లడిగితే నిజం రాయరు.